మేక నమిలిన రీడు

అమ్మలారా, అయ్యలారా, కాస్త ముందుకు జరిగి కూర్చోండి. ఇది పాట కథ, దూరం నుంచి వింటే సగమే అందుతుంది.

నల్లకొండ అడవిలో నరసింహస్వామి కల్యాణానికి ఏటా సాక్సఫోన్ మేళం కచేరీ చేసేది. మేళానికి పెద్ద నక్క శేషాచలం. జరీ ఉత్తరీయం వేసుకుని మధ్యలో నిలబడేవాడు. పక్కన బాతు బంగారమ్మ, ఆ పక్కన మేక రావులమ్మ, వెనక ఎద్దు బసవయ్య. అందరికంటే పెద్ద సాక్సఫోన్ బసవయ్యది. దూరపు ఉరుములా కింద నుంచి మోగుతూ మిగతా వాళ్ల పాటను మోసేది.

ఆ ఏడు కచేరీకి ముందు అందరూ రీడ్లు నోట్లో పెట్టుకుని తడుపుకుంటున్నారు. రీడంటే సాక్సఫోన్ మూతికి బిగించే పల్చటి రెల్లు పుల్ల. అది అదిరితేనే వాద్యం పలికేది, తడిస్తేనే అది అదిరేది. ఒక్క శేషాచలమే ఉత్తరీయం సర్దుకుంటూ అన్నాడు:

"బసవయ్యా, ఈసారి నువ్వు వేదిక ఎక్కొద్దు. బండి దగ్గర పెట్టెలు చూసుకో."

బసవయ్య నోట్లో రీడు తీశాడు. "తప్పేమన్నా చేశానా, అయ్యా?"

"తప్పు కాదులే. నీ ఊదుడు ఎవరికి వినపడుతోంది? పైగా సగం వేదిక నువ్వే నిండిపోతావు. జనం వచ్చేది నన్ను చూడ్డానికి."

"ఏడాదంతా కాడి మోసేది, ఈ ఒక్క పూట స్వామికి మంగళహారతి ఊదొచ్చనే గదయ్యా."

"స్వామి అంతటా ఉంటాడు. బండి దగ్గరా ఉంటాడు. పో!"

బసవయ్య తల వంచుకుని వెళ్లిపోయాడు. రావులమ్మకు ఒళ్లు మండిపోయింది. దేవుడి పేరు చెప్పి దేవుడికే దూరం చేస్తాడా! నోట్లో రీడు తీసి నాలుగు దులిపేలోగా నక్క అద్దం ముందుకు చేరిపోయాడు.

కోపమొస్తే రావులమ్మకు ఏదో ఒకటి నమలాలి. ఎదురుగా శేషాచలం సాక్సఫోన్ కనపడింది. దాని రీడు ఊడబీకి నోట్లో వేసుకుంది. కరకరలాడింది.

నమలడం ఆపింది. "ఒసే బంగారమ్మా! రోజూ ఊదేవాడి రీడు ఇలా ఎండుగడ్డిలా ఉంటుందటే? ఎంగిలి వాసనే లేదు!"

"అంటే?"

"బుగ్గలు పొంగించడమే గానీ ఊదింది లేదు. ఇన్నాళ్లూ ఆయనదనుకున్న పాటంతా పక్కనున్న నీదేనే పిచ్చిదానా!"

బంగారమ్మ రెక్కలు టపటపలాడించింది. "ఊపిరి నాదీ, దండలు ఆయనకూనా? ఇప్పుడే పోయి కడిగేస్తాను!"

"ఆగు. స్వామి పాటలో మనం అల్లరి చెయ్యకూడదు. ఊరేగింపు పాట రానీ. నేను తోక ఆడించగానే ఇద్దరం ఊదడం ఆపేద్దాం."

కచేరీ మొదలైంది. ముందు స్వామి కీర్తన, తర్వాత జోలపాట. ఎలుగుబంటి పిల్లలు నిజంగానే నిద్రపోయాయి. ఆ తర్వాత పెళ్లి ఊరేగింపు పాట. శేషాచలం కళ్లు మూసుకుని, బుగ్గలు పొంగించి, వేళ్లు పరిగెత్తిస్తూ నడుం ఊపాడు. పాట మంచి ఊపు మీదుండగా రావులమ్మ తోక ఆడించింది. ఇద్దరూ ఊదడం ఆపేశారు.

నిశ్శబ్దం. శేషాచలం మాత్రం ఊగుతూనే ఉన్నాడు.

"మామా, డాన్సు బాగుంది, పాటేదీ?" అని అరిచింది ఒక కోతి. జనమంతా గొల్లున నవ్వారు.

నక్క ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. సాక్సఫోన్ మూతి చూసుకున్నాడు. "అన్యాయం! నా రీడు ఎవరో కాజేశారు!"

"నేనే తిన్నాను," అంది రావులమ్మ.

"విన్నారా! దొంగ తనే ఒప్పుకుంది!"

"ఎప్పుడు తిన్నానో అడగవేం? కచేరీ మొదలుకాక ముందే తిన్నాను. మరి స్వామి కీర్తన దేనితో ఊదావు? జోలపాట దేనితో ఊదావు?"

శేషాచలం సాక్సఫోన్‌ను ఉత్తరీయం చాటుకు లాక్కున్నాడు.

కల్యాణం జరిపించే ఏనుగు పెద్దమ్మ లేచింది. "స్వామి ఎదుట ఉత్త బుగ్గలా పొంగించావు? సిగ్గులేదట్రా! ఆ ఉత్తరీయం అక్కడ పెట్టి బండి దగ్గరికి నడు. పెట్టెలు జాగ్రత్త!"

"అక్కడున్నాయన్ని ఇక్కడికి పంపించమనండి, పెద్దమ్మా," అంది రావులమ్మ.

బసవయ్య వచ్చాడు. స్వామికి దణ్ణం పెట్టి, రీడు తడుపుకుని, మంగళహారతి ఎత్తుకున్నాడు. కూర్చున్నవాళ్ల కాళ్ల కింద నేల సన్నగా అదిరింది. బండి దగ్గరున్న నక్కకు కూడా ఆ ఊదుడు స్పష్టంగా వినపడింది.

ఇంతకీ నీతి ఏమిటంటే: పక్కవాళ్ల ఊపిరితో పేరు కొట్టేసేవాడికి తన చేతిలో ఏం లేదో తెలిసేది అందరూ నవ్వాకే.