నిన్ననే మాటిచ్చేశాం

రండర్రా, దగ్గరగా జరగండి. వెనకున్న అమ్మలూ, మీరూ ముందుకు రండి. స్వామిని ఒక్కసారి తలుచుకుని వినండి.

గోరింటకొండ అడవిలో కుందేళ్ళు, ముళ్లపందులు, పునుగుపిల్లులు ఉండేవి. శూలయ్య అనే ముళ్లపందికి ఏటి ఒడ్డున పెద్ద బొరియ ఉంది. అందులో గదులే గదులు. వానాకాలంలో వాటిని అద్దెకిచ్చేవాడు.

ఆ ఏడు మబ్బులు ముందే కమ్ముకొచ్చాయి. గాలికి చెట్టు కూలి, పునుగుపిల్లి పరిమళ ఉండే తొర్ర పోయింది. కళ్ళు తెరవని కూనను నోట కరుచుకుని అడవంతా తిరిగింది. ఎక్కడా చోటు దొరకలేదు. చివరికి శూలయ్య గుమ్మం ముందు కూనను దించింది.

"గది ఉందా బాబాయ్?"

"ఉందిలే. ఇంతకీ మీరేవిట్లు? ఏం తింటారు?"

"పునుగుపిల్లులం. పండ్లూ, ఎలుకలూ..."

శూలయ్య ముక్కు మూసుకున్నాడు. "అయ్యయ్యో! ఆ గది నిన్ననే మాటిచ్చేశామమ్మా!"

చూశారా! అభిషేకమయ్యాక స్వామికి పూసే పునుగు తైలం ఈ పునుగుపిల్లుల దగ్గరిదే. ఆ వాసన ఈయనగారికి పడలేదట!

పరిమళ పొద దాటకముందే ఒక కుందేలొచ్చింది. "రావయ్యా, నీలాంటివాళ్ళకే అట్టిపెట్టాను" అన్నాడు శూలయ్య. ఆ మాట పరిమళ చెవిన పడనే పడింది.

చినుకులు మొదలయ్యాయి. కూన వణికింది. ఏరు పొంగకముందే పరిమళ కూనను కరుచుకుని అవతలి అడవికి ఈదింది.

అక్కడ, ఆ అడవిని ఏలే ఏనుగు పెద్దమ్మ చట్టం వేరు. "చోటుంటే లేదనకూడదు. పుట్టుకా, తిండీ అడగకూడదు. తప్పినవాళ్ళు వానాకాలమంతా బయటే!" అందుకే పరిమళకు గట్టు మీద గుహ దొరికింది. కూన బతికింది.

మర్నాడే ఏరు పొంగింది. కుందేలు గెంతి తప్పించుకుంది. బొరియతో పాటు శూలయ్య కొట్టుకుపోయాడు. ఎలాగో అవతలి గట్టెక్కి, కనబడిన గుహ ముందు నిలబడ్డాడు.

"అమ్మా! మేం ముళ్లపందులం. దుంపలే తింటాం. ఎవరికీ గుచ్చం!" ఎవరూ అడక్కముందే అంతా చెప్పేశాడు.

బయటికొచ్చింది పరిమళ.

"ఖాళీ లేదు బాబాయ్. నిన్ననే మాటిచ్చేశాం."

శూలయ్య ముళ్ళన్నీ వాలిపోయాయి. "నాకు తగిన శాస్తే. ఎవరికిచ్చావమ్మా?"

"తడిసొచ్చేవాళ్ళకి. లోపలికి రా" అంటూ పక్కకు జరిగింది పరిమళ.

గుహంతా పునుగు వాసన. శూలయ్య గుండెల నిండా పీల్చుకున్నాడు. ఏరు తీశాక తన అడవికి వెళ్ళి, "మనకూ ఆ చట్టం కావాలి" అని మొదట గొంతెత్తింది ఆయనే.

నాయనలారా, పరిమళ పక్కకు జరిగి చోటిచ్చింది చూశారే, ఆ ఒక్క పని గుర్తుపెట్టుకోండి. మీ గుమ్మంలోనూ చేయండి.

నీతి: నీడ అడిగినవారిని పుట్టుక అడగకూడదు, చట్టం చెప్పకముందే ఆ మాట మన మనసు చెప్పాలి.