సైగాన్‌లో గవర్రాజు పెళ్లిచూపులు

చోడవరంలో పైడిరాజు ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆయన, భార్య సింహాచలం, ఆయన పెంచుకున్న మేనల్లుడు గవర్రాజు. తమంత తెలివైన ఇల్లు జిల్లాలో మరొకటి లేదని ముగ్గురికీ మహా గర్వం. "చెప్పింది చెప్పినట్టు చేసేవాడికి తిరుగులేదర్రా" అని పొద్దున్నే పళ్ళు తోముకుంటూ పైడిరాజు అనేవాడు. మిగతా ఇద్దరూ తలూపేవారు. ఆ తలల్లో ఏముందో ఇప్పుడు చెబుతాను, వినండి.

గవర్రాజుకి వచ్చిన సంబంధాలన్నీ కాఫీ చల్లారేలోపే చెడిపోయేవి. చివరికి ఒక మంచి సంబంధం తగిలింది. పిల్ల పేరు కుసుమ, వియత్నాంలో సైగాన్ అనే నగరంలో ఉద్యోగం. తండ్రి దాలినాయుడు కూతురి దగ్గరే ఉన్నాడు. "అమ్మాయికి సెలవు దొరకదు, మీరే వచ్చి చూసుకోండి" అన్నాడు. ఇది కూడా చెడితే మళ్ళీ తన గుమ్మం తొక్కొద్దని పెళ్లిళ్ల పేరయ్య తెగేసి చెప్పాడు. గవర్రాజుకి గుండెల్లో రాయి పడింది. పాపం అనుకోకండి. అంతా విన్నాక అనుకుందురుగాని, అనగలిగితే.

ముగ్గురూ సైగాన్‌లో దిగారు. హోటల్‌కి ఎదురుగానే కాఫీ కొట్టు, పెళ్లిచూపులు అందులోనే. మధ్యలో ఒక్క రోడ్డు. ఆ రోడ్డు చూసి గవర్రాజు తెరిచిన నోరు మూయలేదు. అన్నీ మోటారుసైకిళ్ళే! ఒకదాని మీద కాపురం మొత్తం, ఒకదాని మీద కోళ్ళ గంపలు, ఒకదాని మీద నిలువుటద్దం, దాన్ని కావలించుకుని ఒక మనిషి. సందు లేదు, సిగ్నల్ లేదు.

సింహాచలం చెయ్యి అడ్డం పెట్టి, "ఆగండర్రా, పెళ్లివారం!" అని అరిచింది. ఒక్కడూ ఆగలేదు.

"మర్యాద తెలీని దేశం" అంది.

"అయిపోయేదాకా నిలబడదాం. ఒక ఊళ్ళో ఎన్ని బళ్ళుంటాయేటి?" అన్నాడు పైడిరాజు.

అంతే, నిలబడ్డారు. పైడిరాజు బట్టతల మీంచి చెమటలు కారేదాకా నిలబడ్డారు. బళ్ళు అయిపోలేదు. విసుగొచ్చి హోటల్లోకి పోయి, చెప్పులు విప్పి సోఫాలో చతికిలబడ్డారు. అవతల కాఫీ కొట్టులో ఎదురుచూస్తున్న కుసుమ ఫోన్ చేసింది. మంచి పిల్ల, ఓపిగ్గా చెప్పింది.

"భయపడకండి అంకుల్. ఒకసారి అడుగు వేశాక మాత్రం ఆగకండి. పరిగెత్తకండి. ఒకే తీరుగా నడవండి. బళ్ళే మిమ్మల్ని చూసి పక్కకి పోతాయి."

ముగ్గురూ శ్రద్ధగా విన్నారు. అక్కడే వచ్చింది చిక్కు. పైడిరాజు సోఫాలోంచి లేచి ఒక అడుగు వేశాడు. వేశాక కెవ్వుమన్నాడు.

"వేసేశానర్రా! అడుగు వేసేశాను! ఇంక ఆగకూడదు!"

ఇంకేముంది, మిగతా ఇద్దరూ లేచి వెనకాలే నడిచారు. చెప్పులు వేసుకోవాలంటే ఆగాలి, అందుకని వట్టికాళ్ళతోనే నడిచారు. సింహాచలం నడుస్తూనే బల్ల మీది పళ్ళబుట్ట అందుకుంది. రోడ్డు మీదికి వచ్చారు. బళ్ళు వాళ్ళని చుట్టుకుని అటూ ఇటూ పోయాయి. ఒక్కటి కూడా తగల్లేదు, క్షేమంగా దాటేశారు. బుర్రున్నవాళ్ళకైతే కథ ఇక్కడితో అయిపోవాలి.

కాఫీ కొట్టు గుమ్మంలో కుసుమ, దాలినాయుడు నవ్వుతూ నిలబడి ఉన్నారు. గవర్రాజు నమస్కారం పెట్టాడు. పెడుతూనే వాళ్ళని దాటిపోయాడు.

"అదేంటి బాబూ, కూర్చోండి!" అన్నాడు దాలినాయుడు.

"కూర్చోవాలంటే ఆగాలి కదండీ!" అన్నాడు గవర్రాజు, వెళ్ళిపోతూ.

అంతే, కొట్టులో నడిచారు, వంటగదిలో నడిచారు, వెనక తలుపులోంచి సందులోకి, సందులోంచి ఎవరిదో ఇంట్లోకి నడిచారు. ఒక ముసలమ్మ టీవీ ముందు రెండు పుల్లలతో నూడుల్స్ తింటోంది. సింహాచలం ఆగకుండానే ఆవిడ ఒళ్ళో ఒక బత్తాయి వేసి, "మా వాడి పెళ్లిచూపులమ్మా!" అంది. ముసలమ్మ పుల్లలు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ముగ్గురూ అవతలి గుమ్మంలోంచి బయటపడ్డారు. అక్కడ ఇంకో రోడ్డు, మొదటిదానికన్నా పెద్దది.

కుసుమ వెనకాల పరిగెత్తుకొచ్చి, "ఆగండి! ఆగండి!" అని అరిచింది.

"ఇందాక ఆగొద్దంది, ఇప్పుడు ఆగమంటోంది. ఏటి చేద్దాం మావయ్యా?"

"పిల్ల తరపువాళ్ళ మాట కొట్టెయ్యకూడదు. ఆగిపోండి!" అన్నాడు పైడిరాజు.

అంతే, ఆగిపోయారు. ఎక్కడ? సరిగ్గా ఆ రోడ్డు నడిమధ్యన. నడిచే మనిషిని తప్పించుకోవడం తెలిసిన బళ్ళకి, ఉన్నట్టుండి గుంజలా పాతుకుపోయిన మనుషుల్ని తప్పించుకోవడం తెలీలేదు. ఒకదానికొకటి గుద్దుకున్నాయి. గంపలు ఊడి కోళ్ళు లేచాయి. ఒక పుంజు గవర్రాజు నెత్తి మీద కూర్చుంది. వాడు దాన్ని తోలలేదు, ఆగమన్నారుగా మరి.

"అయ్యో, వెనక్కి రండి!" అంది కుసుమ.

వెనక్కి రమ్మంది కానీ తిరగమనలేదు. కాబట్టి తిరగలేదు. మొహాలు ముందుకే పెట్టుకుని వెనక్కి నడిచారు. ముసలమ్మ నూడుల్స్ గిన్నె పైడిరాజు కాలికింద పడింది. వంటగదిలో పాలడబ్బాలు సింహాచలం నడుము తగిలి దొర్లిపోయాయి. దాలినాయుడు వాళ్ళని ఆపుదామని చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు. గవర్రాజు వీపు ఆయన్ని నెట్టుకుంటూ పోయి ఐసుగడ్డల తొట్టిలో కూలేసింది.

తొట్టిలోంచే ఆయన, "ఒరే! ఇంక జన్మలో నీ మొహం మా అమ్మాయికి చూపించకు!" అని గర్జించాడు. కుసుమ తండ్రిని లేవదీసి బండెక్కించుకుని వెళ్ళిపోయింది.

పాలు తాగే పిల్లాడికైనా అర్థమయ్యే మాట అది. వీళ్ళ సంగతి వేరు కదా! గవర్రాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"సంబంధం పోయినట్టేనా మావయ్యా?"

"పిచ్చోడా! ఆయన వద్దన్నది మొహం ఒక్కటే. కాళ్ళు వద్దన్నాడా? చేతులు వద్దన్నాడా? మిగతాదంతా నచ్చినట్టే" అన్నాడు పైడిరాజు.

"చూపించకపోతే సరి" అంది సింహాచలం.

అంతే, మొహమంతా కప్పే నల్లద్దం హెల్మెట్ ఒకటి కొన్నారు. చోడవరం వచ్చి ముహూర్తం పెట్టించి, శుభలేఖలు పంచి, పందిరి వేయించారు. ఆడపెళ్లివారికి మాత్రం కబురు పెట్టలేదు. వాళ్ళకి తెలిసిన సంగతే కదా, మళ్ళీ చెప్పడం దేనికట!

ముహూర్తం వేళయింది. గవర్రాజు హెల్మెట్ పెట్టుకుని, దాని మీద బాసికం కట్టించుకుని పీట మీద కూర్చున్నాడు. అడ్డుతెర పట్టారు. పురోహితుడు తెర అవతలికి తొంగి చూసి అదిరిపడ్డాడు.

"పెళ్లికూతురేదయ్యా? ముహూర్తం వేళకి ఆ పీట ఖాళీగా ఉండకూడదు!"

"ఓస్, అంతేనా!" అని పైడిరాజు పోయి ఆ పీట మీద కూర్చున్నాడు. బాజాలు మోగాయి. పురోహితుడి కేకలు ఎవరికీ వినపడలేదు. నల్లద్దంలోంచి ఏమీ కనపడని గవర్రాజు, తెర మీదుగా చెయ్యి చాపి, అందిన నెత్తి మీద జీలకర్రా బెల్లం గట్టిగా అద్దేశాడు.

"అత్తా! పిల్లకి జుట్టు బొత్తిగా లేదు గానీ, కదలకుండా కూర్చుంది. చెప్పింది చేసే రకం, మన ఇంట్లో ఇమిడిపోతుంది" అన్నాడు హెల్మెట్‌లోంచి.