గంగులు గారికి మజ్జిగ

మా గురువు విశ్వపతిగారు మానసిక వైద్యులు. ఆసుపత్రి ఉద్యోగం విరమించాక ఊరి బయట చిన్న ఆశ్రమం పెట్టారు. అక్కడ గడప తొక్కినవారికి ముందు మజ్జిగ, ఆ తర్వాతే మాట. నేను కాలేజీలో తర్కశాస్త్రం చదివినవాణ్ణి. జలుబు చేసినవాడికి మజ్జిగేమిటని వాదించి ఓడిపోయాను. అది వేరే కథ.

మాణిక్యమ్మ అక్కడే ఉండి వైద్యం చేయించుకునేది. నెమ్మదైన మనిషి. ఉన్నట్టుండి బుజ్జి అనే చిన్నపిల్లయి బెల్లం అడిగేది. ఒక్కోసారి గంగులు అనే మొరటువాడయి, బొంగురు గొంతుతో అందర్నీ తిట్టేది. ఒకరు అన్నది మరొకరికి గుర్తుండేది కాదు. ఊళ్లో దయ్యమన్నారు. గురువుగారు జబ్బన్నారు.

"ఈ ముగ్గురిలో అసలు మనిషి ఎవరండీ? మిగతావాళ్లను ఎప్పుడు పంపేస్తారు?" అని శిష్యుడు శేషాచలం అడిగాడు.

"చిన్నపిల్ల ఒక్కతే మోయలేనిదాన్ని ముగ్గురై మోశారు. ఎవర్ని పొమ్మంటావు?" అన్నారాయన.

శేషాచలానికి ఇది రుచించలేదు. గంగులు వచ్చినప్పుడల్లా మజ్జిగ ఇవ్వకుండా, "నీకిక్కడ పనిలేదు, పో" అనసాగాడు. కొన్నాళ్లకు గంగులు రావడం మానేశాడు. శేషాచలం పొంగిపోయాడు.

ఒక ఉదయం మాణిక్యమ్మ మేనమామ వచ్చాడు. ఆమెను పెంచినవాడూ, చిన్నప్పుడు నోటితో చెప్పుకోలేని హింస పెట్టినవాడూ అతనే. "పదవే ఇంటికి" అన్నాడు. ఆమె తల వంచుకుని సంచీ సర్దుకుంది. గురువుగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"అదే వస్తానంటుంటే ఆపడానికి మీరెవరు?" అన్నాడు మేనమామ.

గురువుగారు శేషాచలం వైపు తిరిగారు. "పొమ్మన్నది నువ్వే. నువ్వే పిలువు."

శేషాచలం మాణిక్యమ్మ వైపు తిరిగాడు. "గంగులు గారూ, ఒక్కసారి రండి" అన్నాడు.

సంచీ కిందపడింది. "ఇప్పుడు గారూనా! నా మజ్జిగేదిరా?" అంది బొంగురు గొంతు. మేనమామను ఎగాదిగా చూసి, "అది రాదు. నడువు" అంది. అతను వెళ్లిపోయాడు.

ఆ తర్వాత చాలాకాలం గురువుగారి పని ఒక్కటే, ఆ ముగ్గురినీ ఒకరికొకరిని పరిచయం చేయడం. గంగులుకు తెలిసినదాన్ని మాణిక్యమ్మకు కొంచెం కొంచెంగా, ఆమె తట్టుకోగలిగినంతే తెలియనిచ్చేవారు. తొందరపెట్టిన శేషాచలాన్ని తోటపనికి పంపేవారు. వంకాయలు బాగా కాశాయి ఆ రోజుల్లో.

మేనమామ మళ్లీ వచ్చాడు. మాణిక్యమ్మ లేచింది. తన సన్నని గొంతుతోనే, "నేను రాను. నడువు" అంది.

అతను వీధి మలుపు తిరిగాక శేషాచలం మెల్లగా అడిగాడు: "అయితే గంగులు వెళ్లిపోయాడా అండీ?"

గురువుగారు మజ్జిగ కుండ మూత తీస్తూ అన్నారు:

"పిలిచి చూడు. గారు అనడం మరిచిపోకు."