సగంలో ఆగిన శనగలు

అనగనగా కుంకుమగిరిని ఏలే ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. కరాళుడనే మాంత్రికుడు పొరుగు రాజ్యపు రాకుమారి హేమప్రభను ఎత్తుకుపోయాడు. విడిపించబోయి పెద్దవాడు శిలయ్యాడు. రెండోవాడూ శిలయ్యాడు. ఇక మూడోవాడు విమలకేతుడు బయల్దేరాడు.

గండభేరుండ పక్షి అతణ్ణి ఏడు సముద్రాలు దాటించి, దింపుతూ చెప్పింది: "మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంది నాయనా. మనసు ఎక్కడో పెట్టుకున్నవాడి చేతిమీద అది వాలదు, జాగ్రత్త!"

విమలకేతుడు పనివాడి వేషంలో కరాళుడి కొలువులో చేరాడు. చిలక తినే శనగల్లో రాళ్ళు ఏరడం అతని పని.

ఒక నెల ఏరాడు. చెయ్యి చాచాడు. చిలక రాలేదు. "చెయ్యి చేటలో, మనసు ఎక్కడో!" అంది.

రెండో నెలా ఏరాడు. చెయ్యి చాచాడు. "చెయ్యి చేటలో, మనసు ఎక్కడో!" అంది.

కరాళుడు నవ్వి పక్కనే చతికిలబడ్డాడు. "తొందరెందుకురా అబ్బాయ్? శనగగింజకు ముక్కుంటుంది, చూశావా? ఏ రెండు ముక్కులూ ఒక్కలా ఉండవు" అంటూ కూనిరాగం తీస్తూ ఏరసాగాడు. మీరు నమ్మరు గానీ పిల్లలూ, లోకాన్ని హడలగొట్టే ఆ మాంత్రికుడు చేట ముందు కూర్చుంటే అచ్చం మీ తాతయ్యే!

మూడో నెలలో ఒక పొద్దున, ఒక్కో గింజే చూస్తూ చూస్తూ విమలకేతుడు అన్నల్ని మరిచాడు. రాకుమారిని మరిచాడు. తనెందుకొచ్చాడో కూడా మరిచాడు. బుద్ధెరిగాక అంత హాయి అతను ఎరగడు. అరచేతిలో మెత్తగా ఏదో తగిలింది. చిలక!

"వచ్చిందిరా, వచ్చింది!" అని చప్పట్లు కొట్టాడు కరాళుడు. ఆ సంబరంలో ముసలాడు తన ప్రాణం సంగతే మరిచాడు.

విమలకేతుడికి మాత్రం అన్నలు గుర్తొచ్చారు. కళ్ళు గట్టిగా మూసుకుని చిలక మెడ నులిమాడు.

కరాళుడు శపించలేదు. చేతిలో గింజను చేటలో వేసి, "ఇంకా సగం ఉన్నాయి కదరా" అంటూ ఒరిగిపోయాడు.

శిలలు అన్నలయ్యాయి. చెర వీడిన హేమప్రభతో విమలకేతుడికి ఐదు రోజుల పెళ్ళి జరిగింది. అన్నలు సంతోషంగా రాజ్యం అతనికే ఇచ్చారు. అరవై ఏళ్ళు చల్లగా ఏలాడు.

కానీ రోజూ పొద్దున్నే రాజుగారు చేట ముందేసుకునేవాడు.

"వంటవాళ్ళు లేరా ప్రభూ?" అనేది రాణి.

"కరాళుణ్ణి చంపక తప్పలేదు దేవీ. కానీ నాకీ పని నేర్పింది ఆయనే" అనేవాడు.

ఏరుతూ ఏరుతూ రాజుగారు అన్నీ మరిచేవాడు. మొహం విప్పారేది. అప్పుడు తనకు తెలియకుండానే అరచెయ్యి చాచేవాడు. ఏదీ వాలేది కాదు.

కథ కంచికి చేరింది పిల్లలూ. ఆ సగం శనగలు మాత్రం ఏడు సముద్రాల అవతల చేటలోనే ఉండిపోయాయి.