భుజంగయ్య గారి ఫ్రిజ్జు

ఫ్రిజ్జులు కొత్తగా దిగిన ఒక ఊళ్ళో సూరమ్మ తన ఫ్రిజ్జును తానే బాగుచేసుకుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూడా తమవి బాగుచెయ్యమని పిలవసాగారు. ఊరి ప్రెసిడెంటు భుజంగయ్యకు ఒళ్ళు మండింది.

"ఆడది ఫ్రిజ్జు తుడవొచ్చు, నింపొచ్చు గానీ విప్పకూడదు. ఇక మానెయ్!" అని పదిమందిలో ఆంక్ష పెట్టాడు. ఇష్టమైన పని పోయిందని సూరమ్మ దిగులుపడింది.

ఎండాకాలంలో భుజంగయ్య ఫ్రిజ్జులోనే ఐసు గడ్డకట్టడం మానేసింది. దొడ్డిదారిన సూరమ్మకు కబురొచ్చింది. వెళ్ళి చూస్తే, సన్మానాల శాలువాలన్నీ ఫ్రిజ్జు మీదా వెనకా కప్పి ఉన్నాయి. వాటిని తీసేసి, వెనక దుమ్ము దులిపి, వేడి బయటికి పోయేలా గోడకు ఎడంగా జరిపింది. సాయంత్రానికి ఐసు గట్టిపడింది.

"నేనే బాగుచేశానని చెప్పుకుంటాను. నువ్వు నోరెత్తకు," అన్నాడు భుజంగయ్య.

"మీకెందుకండీ శ్రమ? నేనే చెబుతాను," అంది సూరమ్మ.

ప్రెసిడెంటు గారే తన ఫ్రిజ్జు బాగుచేసుకున్నారని ఊరంతా చెప్పింది. తెల్లారేసరికి ఆయన వాకిట్లో బళ్ళ మీద ఫ్రిజ్జులు దిగాయి.

"మాది నీళ్ళు కారుతోంది బాబూ!"

"మాది ఒకటే గురకండీ!"

భుజంగయ్య ఒకదాని వెనక తల దూర్చి, ఏమీ తోచక, మొహం నిండా దుమ్ముతో బయటికొచ్చాడు.

"నా వల్ల కాదు! నాది బాగుచేసింది సూరమ్మే!"

"మరి నన్ను మానెయ్యమన్నారు కదండీ?" అంది గుంపులోంచి సూరమ్మ.

"ఎవరాపారు తల్లీ నిన్ను? ముందు నా వాకిలి ఖాళీ చేయించు!"

సూరమ్మ హాయిగా నవ్వి, బళ్ళన్నిటినీ తన ఇంటివైపు మళ్ళించింది.