రెండేనుగుల లెక్క

కొత్త రథమెక్కి జాతరకి వెళ్లాలని భూపాలదేవ మహారాజుకి బుద్ధి పుట్టింది. వానాకాలమని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. కోట గుమ్మం దాటగానే రథం బురదలో కూరుకుపోయింది.

"పెద్దరాణి ఏనుగునీ, చిన్నరాణి ఏనుగునీ కట్టండి" అన్నాడు రాజు.

ఆ కోటలో ఒక దిక్కుమాలిన మర్యాద ఉంది. ఒక రాణి ఏనుగు ఇంకో రాణి ఏనుగు వెనక నడవకూడదు. పక్కపక్కన నడిస్తే ఇద్దరూ సమానమైపోతారు, అది ఇంకా తప్పు. అందుకని మావటివాళ్లు ఒకదాన్ని రథానికి ముందు, ఒకదాన్ని వెనక కట్టి చెరో వైపుకి తోలారు. తాళ్లు కిర్రుమన్నాయి. రథం కదల్లేదు.

ఆస్థాన గణకుడు అనంతయ్యగారు శాలువా సర్దుకున్నారు. కూడికల్లో ఆయన్ని మించినవాడు లేడట. ఆ మాట ఆయనే చెప్పేవారు.

"ప్రభూ, ఒక్కో ఏనుగుది వందమంది బలం. రెండూ కలిపితే రెండు వందలు. రథానికి నూట యాభై చాలు. లెక్క తప్పదు కనక తప్పు మావటివాళ్లది. కావాలనే లాగించడం లేదు."

రాజుకి లెక్కలంటే భయం, అందుకే నమ్మకం కూడా ఎక్కువ. "ఇద్దరి తలలూ తీయించండి" అన్నాడు.

విదూషకుడు తిప్పన్న ముందుకొచ్చాడు. కోపమొస్తే వినయం ఎక్కువయ్యే మనిషి.

"బంగారంలాంటి లెక్క ప్రభూ. అనంతయ్యగారి మీదే రుజువు చేసి, ఆ తర్వాత తలలు తీయిద్దాం. ఇద్దరు వస్తాదులు చాలు."

వస్తాదులు చెరో చెయ్యి పట్టుకుని చెరో వైపుకి లాగారు. అనంతయ్యగారు ఉన్నచోటే సాగారు.

"ఇద్దరి బలమూ కలిసింది కదా, ఈపాటికి జాతరలో ఉండాలే మీరు? కావాలనే కదలడం లేదా?" అన్నాడు తిప్పన్న.

"చేతులు ఊడొస్తున్నాయయ్యా! బలముంటే సరిపోతుందా? ఇద్దర్నీ ఒకే వైపుకి లాగమను!"

"విన్నారుగా ప్రభూ, గురువుగారే లెక్క దిద్దుకున్నారు. బలం ఎంతో చెబితే సగమే, ఎటో కూడా చెప్పాలి. ఎదురెదురుగా లాగితే వందలోంచి వంద పోయి మిగిలేది సున్న."

రాజు మావటివాళ్లని వదిలేయమన్నాడు. "మరి రథం సంగతి? మర్యాద తప్పితే రాత్రికి నాకు అన్నం పుట్టదు."

"రెండిట్నీ రథానికి ముందువైపే కట్టించండి, కాస్త ఏటవాలుగా. ఒకటి ముందు కుడివైపున్న పెద్దరాణి తోటకేసి, ఒకటి ముందు ఎడమవైపున్న చిన్నరాణి తోటకేసి. ఎవరి దారి వాళ్లది. పక్కలకి లాగే బలాలు ఒకదాన్నొకటి తినేస్తాయి, ముందుకి లాగేవి కలుస్తాయి."

ఏనుగులు కదిలాయి. రథం బురదలోంచి పైకొచ్చి, ఎటూ ఒరగకుండా నడిమధ్యన సాగింది.

"ఇద్దరు రాణుల మధ్య ఇంత సాఫీగా నడిచే ఉపాయం నీకెలా తెలిసిందిరా?" అన్నాడు రాజు.

"నాకు ఒక్కతే భార్య ప్రభూ. అందుకే ఆలోచించడానికి తీరిక దొరికింది."

రాజు పడీపడీ నవ్వి, అనంతయ్యగారి శాలువా తీయించి తిప్పన్నకి కప్పించాడు. అడ్డుకుందామన్నా ఆయనకి చేతులు లేవలేదు.