చెవుల్లో బ్యాండ్

డ్రమ్స్ వాయించే మస్తాన్ అంకుల్ తాళం తప్పితే తన పాట చెడిపోతుందని జెరూషా భయపడింది.

ఆదివారం రైల్వే క్లబ్బులో కచేరీ. సాక్సాఫోన్ జెరూషా వాయించాలో వద్దో డెరిక్ సార్ ఈ సాయంత్రం రిహార్సల్లో తేల్చబోతున్నారు. లాలాగూడలో తన ఇంటి ముందు గదిలోనే ఆయన జాజ్ నేర్పుతారు. ఆ సంగీతంలో రాసిపెట్టి ఉండేది కొంతే. మిగతాదంతా పక్కవాళ్లు వాయించేదాన్ని బట్టి అప్పటికప్పుడు పుట్టాలి.

జెరూషా కష్టపడలేదని ఎవరూ అనలేరు. ఆమె ఫోన్లో ఒక యాప్ ఉంది. అందులో బ్యాండ్ మొత్తం వాయిస్తుంది, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు, చివర మార్కులూ వేస్తుంది. దాంతో సాధన చెయ్యమన్నది డెరిక్ సారే. తన చిన్నప్పుడు ఒకే గ్రామఫోన్ రికార్డు మీద ముల్లు మళ్లీ మళ్లీ పెట్టి దాన్ని అరగదీసేశారట.

అందరూ సిద్ధమయ్యాక ఆమె సంచిలోంచి ఇయర్‌ఫోన్లు తీసింది.

"సార్, యాప్ పెట్టుకుని వాయిస్తాను. అంకుల్ తాళం మధ్యలో వెనకబడుతోంది."

మస్తాన్ చేతిలోని పుల్లలు చూసుకున్నాడు. "మణికట్టు కీలు నూనె అడుగుతోందిలే అమ్మా," అని నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. బాస్ గిటార్ వాయించే కుర్రాడు తల తిప్పుకున్నాడు.

డెరిక్ సార్ ఆమె ముఖం కేసి చూశారు.

"పెట్టుకో," అన్నారు.

ఆయన పియానో దగ్గర కూర్చున్నారు. ఆమె రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. గదిలోని బ్యాండ్ కూడా మొదలైంది. జెరూషా వేళ్లు ఎక్కడా తడబడలేదు.

కొంతసేపయ్యాక డెరిక్ సార్ మస్తాన్ వైపు చూసి చెయ్యి ఎత్తారు. డ్రమ్స్ ఆగాయి. మళ్లీ చెయ్యి ఎత్తితే గిటార్ ఆగింది. చివరికి ఆయన పియానో మూత వేశారు.

జెరూషా వాయిస్తూనే ఉంది.

ముగ్గురూ ఊరికే కూర్చుని ఆమెను చూస్తున్నారు. మస్తాన్‌కు అలా చూడటం కష్టంగా ఉంది. పుల్లలు ఎత్తి మళ్లీ అందుకోబోయాడు. డెరిక్ సార్ వద్దన్నట్టు తల ఊపారు.

పాట తప్పు లేకుండా ముగిసింది. ఆమె కళ్లు తెరిచి ముందు ఫోన్ చూసుకుంది. నూటికి తొంభై ఎనిమిది. ఆ సంతోషంతోనే తల ఎత్తింది. మూసి ఉన్న పియానో కనిపించింది. ఇయర్‌ఫోన్లు మెల్లగా తీసేసింది.

"బాగా వాయించావు," అన్నారు డెరిక్ సార్. "మేం ఎక్కడ ఆపామో చెప్పు. అక్కడి నుంచి కలిసి వాయిద్దాం."

ఆమె మస్తాన్ వైపు చూసింది. చెప్పాలని అతని పెదవులు కదిలాయి, కానీ చెప్పలేదు.

"తెలియదు సార్."

"అయితే ఈ ఆదివారం కూర్చుని విను."